పసికందు నెత్తుటి లెక్క



వేల్పూరు, ఆర్మూరు ప్రాంతముల పెద్దలకు పసుపు బేరమును గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. అంగడిలో వ్యాపారి సంచి మూతి విప్పి, లోనికి చేయి చొనిపి, పిడికెడు పసుపు తీసి అరచేత పరచి చూచును. కొమ్ము యెంత, గోళ యెంత, పుచ్చు యెంత యని కంటితోనే పాళ్లు కట్టి ధర పలుకును. బస్తానంతయు గుమ్మరింపడు. పిడికెడులోని పాలు బట్టి బస్తాను తెలిసికొనును. ఆ పిడికెడు పైనుండి తీసెనా, అడుగునుండి తీసెనా యని రైతు మాత్రము కనిపెట్టియే యుండును. ఏలయన, పిడికెడు తప్పినచో ధరయు తప్పును.

నేడు నేను చెప్పబూనిన చరిత్రయు ఇట్టి పిడికెటి చరిత్రయే. పుట్టి రెండు మూడు దినములైన బిడ్డ మడమనుండి తీసిన కొన్ని చుక్కల నెత్తుటిలో ఏ జాతి కణము లెన్ని యున్నవి, ఒక జాతికి మరియొక జాతి యెంత పాలు అని లెక్కించి, ఆ బిడ్డ యొడలికి క్రిములు సోకినవో లేదో ఊహించు విద్య యొకటి కలదు. అది యెట్లు పుట్టెను, ఎచ్చట తప్పటడుగులు వేసెను, నేడు దానిని ఎంతవరకు నమ్మవచ్చును అనునదే ప్రసంగ విషయము.

లెక్క యనగా వేల్పూరువారికి క్రొత్త గాదు. 2001వ సంవత్సరమున ఈ మండలమున ఊరూర పెద్దలును సర్పంచులును అధికారులతో కూడి, బడికి పోక పనికి పోవు బిడ్డలెవరని లెక్క తీసి, వారిని బడిలో చేర్చిరి. ఆ యేడే వేల్పూరు బాలకార్మికులు లేని మండలముగా ప్రకటింపబడెను. అది అయిదేండ్లు దాటిన బిడ్డల లెక్క. నేను చెప్పునది అయిదు దినములు నిండని బిడ్డల లెక్క.

మొదట ఇంటి మాట యొకటి చెప్పెదను. నా పిమ్మట మా తల్లికి నొక మగబిడ్డ కలిగెను. మూడవనాటి సాయంకాలమునుండి వాడు చన్ను పట్టడయ్యెను. జ్వరము లేదు, ఏడ్పు లేదు, ఒడలు మాత్రము చల్లగా నుండెను. పిల్లవాడు నెమ్మదిగలవాడు, నిద్రపోవుచున్నాడని మా మేనత్త సంతోషించెనట. నాలుగవనాడు పక్షిదోషమనిరి, తాయెత్తు కట్టిరి, ఎఱ్ఱనీళ్లతో దిష్టి తీసిరి. ఆరవనాడు తెల్లవారుజామున బిడ్డ పోయెను. ఇరువదియొకటవ దినమున పెట్టవలసిన పేరు పెట్టనేలేదు. కనుక మా యింట వానిని తలచుకొనుటకు కూడ పేరు లేదు. మా మేనత్త యందు దోషమేమియు లేదు. ఆమె చూచినది చూచినట్లే చెప్పెను. ఆ చిహ్నముల యర్థము మాత్రము ఆమెకు తెలియలేదు.

పెద్దవానికి క్రిములు సోకిన జ్వరము వచ్చును, వణకును, మూలుగును, ఇచ్చట నొప్పియని చెప్పును. పసికందునకు ఈ భాష లేదు. నెత్తుటిలో క్రిములు వ్యాపించి ప్రాణము మీదికి వచ్చినను పలుమారులు వాడు చేయునదెల్ల చన్ను విడుచుట, మందగించుట, చల్లబడుట మాత్రమే. వైద్యులు ఈ స్థితిని సెప్సిస్ అందురు. క్రిమి యున్నదని నిశ్చయముగా తెలిసికొను పద్ధతి యొకటున్నది. నెత్తురును పోషకద్రవమున కలిపి వెచ్చగా నుంచి, క్రిములు మొలకెత్తునా యని చూచుటయే ఆ పద్ధతి. దానికి ఒకటి రెండు దినములు పట్టును. ఆ రెండు దినములలో బిడ్డ బ్రతుకవచ్చును, పోవచ్చును. పైగా పసివానినుండి తీయగల నెత్తురు అల్పము. క్రిములున్నను ఆ అల్పములో చిక్కకపోవచ్చును.

అట్లయిన అనుమానము కలిగిన ప్రతి బిడ్డకును ఆంటీబయాటిక్ సూదిమందు వేసిన సరిపోదా యని మీరడుగవచ్చును. అందును చిక్కున్నది. 2011 మొదలు 2014 వరకు ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో నవజాత శిశువుల ప్రత్యేక వార్డులలో చేర్చిన 13,530 మంది బిడ్డలను వైద్యులు పరిశీలించిరి. నూటికి 14 మందికి పైగా సెప్సిస్ కలిగినట్లు నిర్ణయించిరి. క్రిమి మొలకెత్తి రుజువైనది మాత్రము నూటికి ఆరుగురు చిల్లరయందే. అంతకంటె భయంకరమైన విషయము మరియొకటి: అట్లు మొలకెత్తిన క్రిములలో పెక్కు మన వాడుక మందులకు లొంగనివిగా తేలినవి. పురుగుమందు అవసరము లేని చేనికిని కొట్టుచు పోయినచో పురుగు మందునకు అలవాటుపడుట మీ పొలములలో మీరు చూచినదే గదా. కనుక వైద్యునికి రెండు దినములు ఆగనక్కరలేని సాక్షి యొకడు కావలెను. ఆ సాక్షికొరకైన వెదకులాటయే ఈ చరిత్ర.

నెత్తుటిలో ఎఱ్ఱని రేణువులున్నవని హాలండు దేశపు బట్టల వ్యాపారి ల్యూవెన్‌హాక్ 1674లో తాను స్వయముగా అరగదీసిన భూతద్దముతో చూచి వ్రాసెను. తెల్లకణములు అంత త్వరగా చూపునకు దొరకలేదు. అవి ఎఱ్ఱకణములకంటె సంఖ్యలో మిక్కిలి తక్కువ. పైగా రంగు లేనివి. 1843లో ఫ్రాన్సున ఆంద్రాల్, ఇంగ్లండున అడిసన్ అనువారు వేర్వేరుగా వాటిని వర్ణించి, రోగమునకును వాటికిని సంబంధము కలదని సూచించిరి. కాని రంగు లేని వస్తువులో జాతులెట్లు వేరుచేయుట?

ఇచ్చట మన పసుపు మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. పసుపున సున్నము కలిపిన ఎఱ్ఱనగును. పారాణి యట్లే చేయుదురు, దిష్టి నీళ్లును అట్లే చేయుదురు. ఒక వస్తువు పులుపు గుణము గలదా, క్షారగుణము గలదా యనుదానిని బట్టి రంగు తీరు మారునని మన ఆడువారికి ఏ పాఠశాలయు చెప్పనక్కర లేకుండ తెలియును. జర్మనీ దేశమున పాల్ ఎర్లిక్ అను యువవైద్యుడు తారునుండి తీసిన క్రొత్త బట్టల రంగులతో దీనికి దగ్గరి యాలోచనయే చేసెను. 1879లో నెత్తుటిని గాజుపలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, ఆమ్లపు రంగును క్షారపు రంగును తగిలింపగా, ఒక్కొక్క జాతి కణము తనకు సరిపడు రంగును పీల్చుకొనెను. కొన్ని కణములలోని రేణువులు ఎఱ్ఱనయ్యెను, కొన్నిటివి నీలమయ్యెను. రెండు రంగులు కలిసిన తటస్థమైన రంగును పట్టునవని యెంచి మరికొన్నిటికి న్యూట్రోఫిల్ అని పేరు పెట్టెను. రేణువులు లేక, గుండ్రని పెద్ద గింజ నిండిన చిన్న కణములు లింఫోసైట్లు. నేటి మన కథకు ఈ రెండు జాతులే ముఖ్యము. న్యూట్రోఫిల్ క్రిములను మ్రింగు సిపాయి; క్రిమి చొరబడిన చోటికి ముందుగా పరుగెత్తునది అదియే. లింఫోసైట్ శత్రువును గుర్తు పెట్టుకొని నిదానముగా పనిచేయునది.

ఎర్లిక్ పిమ్మట రంగులు మెరుగుపడినవి. మన దేశపు ప్రయోగశాలలలో నేటికిని విరివిగా వాడు రంగునకు లీష్‌మన్ రంగని పేరు. భారతదేశమున సైనిక వైద్యుడుగా నుండిన విలియం లీష్‌మన్ 1901లో దానిని ప్రకటించెను. అంతకు నాలుగేండ్లు ముందు, 1897 ఆగస్టు 20న, మన సికిందరాబాదులోని బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొనెను. రాస్ వెదకినది క్రిమిని. మన కథలోనివారు వెదకినది క్రిమి వచ్చి పోయిన అడుగుజాడను. దారి వేరైనను పరికర మొక్కటే.

అడుగుజాడను చదువుట నేర్పినవారు ముఖ్యముగా ఇద్దరు జర్మనులు. న్యూట్రోఫిల్ లోపలి గింజ ముదిరిన కొలది ముక్కలై, దారమున గ్రుచ్చిన పూసలవలె నుండును. లేతదైనచో లాడమువలె వంగిన పట్టీగా నుండును. 1904లో ఆర్నెత్ ఈ ముక్కలను లెక్కించి, క్రిములు సోకినపుడు లేత కణములు హెచ్చునని చూపెను. ఆర్నెత్ లెక్క మిక్కిలి చిక్కైనది. దినమంతయు ఒక రోగితోనే సరిపోవును. 1911 ప్రాంతమున విక్టర్ షిల్లింగ్ దానిని నాలుగు గడులకు కుదించెను. లేతవాటిని ఎడమవైపు గడులలో వ్రాయుటచేత, లేతవి పెరుగుటకు 'ఎడమకు ఒరుగుట' యని వైద్యులలో వాడుక ఏర్పడెను. ఆ మాట నేటికిని నిలిచియున్నది.

లేతవి యేల పెరుగును? ఎముకలలోని మూలుగ ఈ కణములకు పొలమును గాదెయు గూడ. పండిన కణములు గాదెలో నిలువయుండి, అవసరమైనపుడు నెత్తుటిలోనికి వెడలును. పోరు తీవ్రమైనచో గాదె త్వరగా తరుగును. అప్పుడు పండని పంటను కోసి పంపవలసి వచ్చును. ధాన్యపు రాశిలో పాలగింజలు విశేషముగా కనబడినచో, ఆ రైతు ఇంట నేదో ఇక్కట్టు వచ్చి ముందుగా కోసెనని మీ రూహింతురు. షిల్లింగ్ ఊహించినదియు అదియే.

ఇంతవరకు బాగున్నది. పెద్దలయందు ఈ లెక్క ఆసుపత్రులలో పాదుకొనెను. కాని పసికందు విషయమున దాదాపు అర్ధశతాబ్దికి పైగా వైద్యులు తడబడిరి. కారణము సులభముగా చెప్పవచ్చును: పెద్దవాని కుంచముతో పసివానిని కొలుచుటయే. పెద్దవాని నెత్తుటిలో ఘనమిల్లీమీటరునకు తెల్లకణములు 4,000 మొదలు 11,000 వరకు ఉండుట సహజము. ఆరోగ్యముగా పుట్టిన బిడ్డకు మొదటి దినమున 20,000 ఉండవచ్చును, 30,000 కూడ ఉండవచ్చును. పుట్టుట యనునదే బిడ్డకు పెద్ద పోరాటము. పెద్దల పట్టిక చేతబట్టుకొని చూచినవానికి ప్రతి బిడ్డయు రోగివలె కనబడును.

పసివానికి వాని కుంచమునే తయారుచేయవలెనని 1970 దశాబ్దిలో గట్టిగా పూనుకొనిరి. 1970లో మారియెటా క్సాంథూ నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతులైన బిడ్డల నెత్తుటిని, నెలలు నిండనివారి నెత్తుటిని దినదినము పరీక్షించి ప్రకటించెను. 1974లో కెనడా దేశమున అకెంజువా మొదలగువారు లేత కణముల సంఖ్యపై దృష్టి నిలిపిరి. కాని నేటికిని వైద్యులు పేరు చెప్పి తలచునది అమెరికాలోని డల్లాసు నగరమున మాన్రో, వైన్‌బెర్గ్, రోజన్‌ఫెల్డ్, బ్రౌన్ అనువారు 1979లో ప్రకటించిన పట్టికయే. వారు చేసిన గొప్ప పని యేదనగా, దినమునకు గాక గంటకు గంటకు కుంచము మార్చుట. పుట్టినపుడు న్యూట్రోఫిల్‌లు ఘనమిల్లీమీటరునకు సుమారు 1,800 మొదలు 5,400 వరకు నుండును. పండ్రెండు గంటలు దాటునప్పటికి 7,800 మొదలు 14,000 పైచిలుకు వరకు పెరుగును. మరల మూడవ దినమునకు తగ్గుముఖము పట్టి నిలకడకు వచ్చును. అనగా పుట్టిన గంట తెలియనివాడు లెక్క పెట్టినను ప్రయోజనము లేదు. ఒకే సంఖ్య ఉదయమున మంచిది, సాయంకాలమున చెడ్డది కావచ్చును.

సంఖ్య ఇట్లు గంటగంటకు ఎగిరి పడుచుండగా, పాలు మాత్రము అంతగా ఎగురలేదు. మొత్తము న్యూట్రోఫిల్‌లలో లేతవి యెంత పాలు అనునది ఆరోగ్యవంతుడైన బిడ్డకు మొదటి దినమున 0.16 మించదని, తరువాత 0.12కు దిగునని వారు చూపిరి. వాడుకలో 0.2, అనగా అయిదింట నొకటి, అనుమానమునకు హద్దుగా స్థిరపడెను. లెక్క చేసి చూతము. గాజుపలకపై నూరు తెల్లకణములు చూచితిమి. అందు న్యూట్రోఫిల్‌లు 60. ఆ అరువదిలో లేతవి 15. పదునైదును అరువదిచే భాగింప 0.25, అనుమానింపవలసినదే. అదే పలకను మరియొకడు చూచి, ఆ పదునైదులో అయిదింటిని 'ఇవి ముదిరినవే' అనెననుకొనుడు. పదిని అరువదిచే భాగింప 0.17 లోపల; హద్దునకు దిగువ. లాడమువలె వంగినది యెప్పుడు పూసలైనదని చూచువాని కన్ను చెప్పవలెను. ఇరువురు నిపుణులు ఒకే పలకపై భేదించుట ఈ విద్యయందు నిత్యకృత్యము. అంగడిలో ఒకే కొమ్మును ఒకరు మేలుజాతి యనగా మరియొకరు నడిమిజాతి యనుట లేదా?

మరియొక విచిత్రము 1980లో క్రిస్టెన్సెన్, రాత్‌స్టైన్ అనువారి పరిశోధనవలన తేటపడెను. తీవ్రముగా సోకిన పసివాండ్రలో న్యూట్రోఫిల్‌లు పెరుగుటకు బదులు పడిపోవుచుండెను. వారు మూలుగను పరీక్షింపగా గాదె ఖాళీయైయుండుట కనబడెను. పెద్దవాని గాదె పెద్దది. పసివానిది చిన్నది, త్వరగా అడుగంటును. కనుక పసివానియందు కణములు హెచ్చుటకంటె తగ్గుటయే యెక్కువ భయావహము. పెద్దలలో చూచి నేర్చిన తెలివి ఇచ్చట తలక్రిందులైనది. ఇంతలో ఇంకొక చిక్కు: తల్లికి కాన్పునకు ముందు రక్తపుపోటు హెచ్చియున్నను బిడ్డకు ఈ కణములు తగ్గును. కాన్పు కష్టమైనను, బిడ్డ వెంటనే ఊపిరి తీయకున్నను, తల్లికి జ్వరమున్నను లెక్క చెదరును. తల్లి కథ వినకుండ బిడ్డ నెత్తుటిని చదువరాదని దీని సారము.

ఒక్క సాక్షి మాట చాలదని తేలినపిమ్మట, సాక్షులను కూడగట్టుట మొదలయ్యెను. 1980లో ఫిలిప్, హ్యూయిట్ అనువారు తెల్లకణముల తగ్గుదలను, లేత కణముల పాలును, మరి మూడు పరీక్షలను జతచేసి, అందు రెండైనను చెడినచో అనుమానింపుడని చెప్పిరి. మన దేశపు నవజాత శిశువైద్యులు వాడుచు వచ్చిన పద్ధతి దీనికి తోబుట్టువే. తెల్లకణములు 5,000కు దిగువ నుండుట, న్యూట్రోఫిల్‌లు గంటకు తగిన హద్దునకు దిగువ నుండుట, లేతవాటి పాలు 0.2 దాటుట, సి.ఆర్.పి. అను పదార్థము పెరుగుట, సన్నని గాజుగొట్టమున నిలువబెట్టిన నెత్తురు గంటలో 15 మిల్లీమీటర్లకు మించి దిగుట. ఈ అయిదింట రెండు కనబడిన సోకు ఉండవచ్చునందురు. చివరి పరీక్షకు గాజుగొట్టము, గడియారము తప్ప మరేమియు నక్కరలేదు. పేద దేశమునకు తగిన మర్యాదగల పరీక్ష యిది. నా కది మిక్కిలి యిష్టము.

1988లో ఆస్ట్రేలియా దేశమున రాడ్వెల్ మొదలగువారు నెత్తుటి పలకనుండియే ఏడు చిహ్నములు తీసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుర్తు వేసిరి. వారు ప్రకటించిన ఫలితమును పెద్దలు మనస్సునకు పట్టించుకొనవలెనని నా కోరిక. మూడుగాని అంతకు మించిగాని గుర్తులు వచ్చిన బిడ్డలలో నిజముగా సోకినవారు నూటికి 31 మందియే. తక్కిన 69 మందికి సోకు లేదు. రెండుగాని అంతకు తక్కువగాని గుర్తులు వచ్చిన బిడ్డలలో మాత్రము నూటికి 99 మందికి సోకు లేదు. అనగా ఈ సాక్షి 'దొంగ వీడే' యని చెప్పినపుడు మూడింట రెండుసార్లు తప్పును. 'వీడు కాడు' అని చెప్పినపుడు మాత్రము అరుదుగా తప్పును. వైద్యునికి దీని ప్రయోజనము గొప్పది. సూదిమందు ఆపుటకు, తల్లినుండి వేరుచేసిన బిడ్డను మరల తల్లి యొడిలో నుంచుటకు ఇది ధైర్యమిచ్చును.

క్రీస్తుశకము 2001లో మరియొక పాలు ప్రచారమునకు వచ్చెను. స్లోవాకియా దేశపు జాహొరెట్స్ అను వైద్యుడు, తీవ్ర రోగులయందు న్యూట్రోఫిల్‌లను లింఫోసైట్‌లచే భాగించి వచ్చిన సంఖ్య రోగతీవ్రతను తెలుపునని వ్రాసెను. భాగహారమొక్కటి చాలును, ఖర్చు లేదు, లేత ముదురులను గూర్చి తగవు లేదు. కనుక అది లోకమంతట వ్యాపించెను, పసివాండ్రకును వర్తింపజేసిరి. వ్యాసములు కుప్పలుగా వచ్చినవి. హద్దు మాత్రము ఒకరు చెప్పినది ఒకరు చెప్పలేదు. అందుకు కారణము ప్రకృతియందే కలదు. పుట్టిన మొదటి దినములలో బిడ్డ నెత్తుటిలో న్యూట్రోఫిల్‌లదే పైచేయి. నాలుగైదు దినములకు రెండును సరిసమానమగును. ఆపై లింఫోసైట్లు హెచ్చి, నాలుగైదేండ్ల ప్రాయము వరకు అట్లే యుండి, అప్పుడు మరల తారుమారగును. ఏ దినముననో తెలియక ఈ పాలును వాడుట, తిథి చూడక ముహూర్తము పెట్టుటవంటిది. పాత లేత కణముల పాలునకు ఇది తోడు కాగలదు గాని, దానికి బదులు కాజాలదని నా యభిప్రాయము.

సంఖ్యలు పెద్దవైన కొలది వైద్యులకు వినయమును పెరిగెను. 2010లో ఉత్తర కాలిఫోర్నియాలోని ఆసుపత్రులలో 67,623 మంది నవజాతుల లెక్కలు చూడగా, పుట్టిన వెంటనే తీసిన నెత్తురు దాదాపు మూగదని, నాలుగు గంటలు గడచిన పిమ్మట తీసినది మాటాడునని తేలెను. సోకినట్లు రుజువైన వారు అందు 245 మంది. 2012లో 1,66,092 మంది బిడ్డల లెక్కలు చూచిన మరియొక పరిశోధన, ఏ యొక్క సంఖ్యయు ఒంటరిగా సోకిన బిడ్డలనందరిని పట్టజాలదని తేల్చెను. కనుక నేడు జాగ్రత్తగల వైద్యుడు ఒకసారి తీసి యూరకుండడు. పండ్రెండు గంటలకో మరుసటినాడో మరల తీయించును. మొదటి పిడికెడు తప్పినను రెండవ పిడికెడు దిద్దును.

ఇక గోదావరి దాటి, మన తెలంగాణమునకు పొరుగుననే యున్న గడ్చిరోలి జిల్లాకు పోవుదము. అచ్చట డాక్టరు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు సూక్ష్మదర్శిని లేని పల్లెలలో ఈ సమస్యనే ఎదుర్కొనిరి. 1995 మొదలు 39 గ్రామములలో ఊరి ఆడువారికి శిక్షణ యిచ్చి, పురుటియింటికి పోయి బిడ్డను చూచుట, తూచుట, ఊపిరి లెక్కించుట, సోకు చిహ్నములు కనబడినచో సూదిమందు వేయుట నేర్పిరి. అంతకుముందు వేయింటికి 62గా నున్న నెలలోపు శిశుమరణములు 1997-98 నాటికి 25కు తగ్గెను. 1999లో ఈ ఫలితము ప్రకటింపబడగా లోకమాశ్చర్యపడెను. 2011లో మన ప్రభుత్వము ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చి పసిబిడ్డను చూచు కార్యక్రమము పెట్టుటకు ఇది త్రోవ చూపెను. ఈ ఆడువారు ఏ కణమును లెక్కింపలేదు. లెక్కించినది ఊపిరులను. నెమ్మదిగానున్న బిడ్డ నిమిషమునకు అరువదిసార్లుగాని అంతకు మించిగాని ఊపిరి తీయుచున్నచో, మరల నొకసారి లెక్కించినను అట్లే యున్నచో, అది ఆపద. గోడగడియారము గల ప్రతి యింటను ఈ లెక్క చేయవచ్చును.

నెత్తుటి పాళ్లు ఆసుపత్రి గడప లోపలి సాక్షులు. గడప బయట సాక్షులు పెద్దలే. పురుడు వెళ్లలేదు, ఇరువదియొకటవ దినము కాలేదు, వారము మంచిది కాదని బిడ్డను కదలనీయనిది మనమే. చన్ను విడిచిన బిడ్డను, కదల్చిననేగాని కదలని బిడ్డను, రొమ్ము ఎముకల క్రింద గుంటలు పడునట్లు ఊపిరి తీయు బిడ్డను, మూర్ఛవచ్చిన బిడ్డను, ఒడలు కాలునట్లున్న బిడ్డనుగాని చల్లబడిన బిడ్డనుగాని ఆ గడియనే తీసికొనిపోవలెను. తల్లి రొమ్మునకు హత్తించి, గుడ్డ కప్పి వెచ్చగా తీసికొనిపోవలెను. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులో ఆరంభమైన 108 బండి అందుకే యున్నది. బొడ్డుమీద పసుపు వేయు అలవాటును గూర్చి యొక మాట. పసుపు పండించు ఊరివారితో ఈ మాట యనుటకు సంకోచమే. కాని అంగడి పసుపు నేలమీద ఆరినది, సంచులలో తిరిగినది. బొడ్డును శుభ్రముగా, పొడిగా నుంచుట చాలునని వైద్యులు చెప్పుచున్నారు.

మా మేనత్త కాలమున ఆ బిడ్డను ఏ యాసుపత్రికి చేర్చినను ఇప్పటి పట్టికలు లేవు, మాన్రో లేడు, ఆశా కార్యకర్త లేదు. నేడవి యున్నవి. ఇప్పుడు పెద్ద ఆసుపత్రులలో యంత్రములు నిమిషములో వేలకొలది కణములను లెక్కించి కాగితముపై అచ్చు వేయుచున్నవి. 1953లో వాలెస్ కౌల్టర్ అను అమెరికావాని పేర పేటెంటైన ఉపాయమే వీటికి మూలము. సన్నని రంధ్రము గుండ కణములను ఒక్కొక్కటిగా పోనిచ్చి, విద్యుత్తు తడబాటును బట్టి వాటిని లెక్కించుటయే ఆ ఉపాయము. అయినను లాడమువలె వంగిన లేత కణమును ముదిరిన కణమునుండి నమ్మకముగా వేరుచేయుట యంత్రమునకు నేటికిని చేతగాలేదు. అనుమానము కలిగినపుడు యంత్రము కాగితముపై నొక గుర్తు వేసి యూరకుండును. అప్పుడు ప్రయోగశాల ఉద్యోగి గాజుపలకపై నెత్తురు పూసి, లీష్‌మన్ రంగు పోసి, కడిగి, ఆరబెట్టి, కంటిని సూక్ష్మదర్శినికి ఆనించి, ఒకటి, రెండు, మూడని నూరువరకు లెక్కించును.